కవి గొంతు కూడా ఒక పాఠాంతరమే: కొత్త పుస్తకం, సభ, కవితాపఠనం

ఉపోద్ఘాతం

తెలుగులో కొత్త కవితాసంపుటి వెలువడితే ఆవిష్కరణ సభ జరగడం ఆనవాయితీ. ఆహ్వానపత్రిక చేతికందగానే సభాస్వరూపం తెలిసిపోతుంది. అధ్యక్షుడు, ముఖ్య అతిథి, ఆవిష్కర్త, తొలి ప్రతి స్వీకర్త, పుస్తకాన్ని పరిచయం చేసే ఇద్దరో ముగ్గురో వక్తలు, ఆత్మీయ అతిథులు, చిట్టచివర ‘కవి స్పందన’. ఆ స్పందనలో అధికభాగం కృతజ్ఞతలకే సరిపోతుంది. సమయం మిగిలితే కవి ఒక కవిత చదువుతాడు. మిగలకపోతే అదీ ఉండదు. పుస్తకం గురించి రెండు గంటలు మాట్లాడిన సభలో పుస్తకంలోని కవిత్వం ఒక్క నిమిషమైనా వినిపించకపోవచ్చు.

ఇది సభానిర్వహణ లోపంగా మాత్రమే చూడదగిన విషయం కాదు. కవి తన కవితను బహిరంగంగా చదవడాన్ని మన విమర్శ ఎలా అర్థం చేసుకుంటున్నదన్న ప్రశ్న దీని వెనుక ఉంది. పఠనాన్ని పుస్తకానికి ప్రచారంగా, పుస్తకాన్ని అసలు కావ్యంగా లెక్కించడం పరిశోధనలో స్థిరపడిన అలవాటు. ముద్రణల మధ్య తేడాలను శ్రద్ధగా పోల్చే పరిశోధకుడు కూడా, అదే కవి అదే కవితను సభలో ఎలా చదివాడన్నది సాహిత్య సాక్ష్యంగా పరిగణించడు. ఆ సమాచారం జ్ఞాపకాల వ్యాసాలకు, సంస్మరణ సంచికలకు పరిమితమవుతున్నది.

కవి చేసే బహిరంగ పఠనాన్ని ఆ కవితకు ఒక పాఠాంతరంగా పరిగణించాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది. పాఠాంతరం అనడంలో రెండు అంశాలున్నాయి. అది కవితకు బయటి అలంకారం కాదు, కవితలో భాగం. అలాగే అది తుది ప్రమాణమూ కాదు, అనేక పాఠాలలో ఒకటి. ఈ ప్రతిపాదనను కృష్ణశాస్త్రి, శ్రీశ్రీ, జాషువ, దిగంబర కవుల ఉదాహరణలతో పరిశీలించి, నేటి ఆవిష్కరణ సభ విషయంలో దాని ప్రయోజనాన్ని సూచించడం ఇక్కడి ఉద్దేశం. పాటగా పుట్టి పాటగానే ప్రజల్లోకి వెళ్ళిన సాహిత్యానికి లక్షణాలు వేరు కనుక అది ఈ పరిశీలన పరిధిలోకి రాదు.

పాఠం, పఠనం, కాకువు

ఈ దృష్టి మన పరిభాషకు కొత్తది కాదు. పాఠం, పఠనం, పాఠకుడు అనే మూడు మాటలకూ ధాతువు ఒక్కటే. పాఠకుడంటే మొదట పైకి చదివేవాడు. పుస్తకం ఎదుట మౌనంగా కూర్చున్న మనిషి అన్న అర్థం ఆ మాటకు ముద్రణయుగంలో బలపడింది. తెలుగులో ‘పద్యం చదవడం’ అన్న వాడుక నేటికీ గొంతెత్తి వినిపించడాన్నే సూచిస్తుంది. నలుగురిలో ఒకరిని పద్యం చదవమంటే, ఆ మనిషి కళ్ళతో చదివి ఊరుకుంటాడని ఎవరూ అనుకోరు. నవల చదవడానికీ పద్యం చదవడానికీ వాడుకలో ఉన్న ఈ తేడా సాహిత్యచరిత్రకు ఒక ఆధారం.

సంస్కృతాలంకారికులలో ఈ విషయాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నవాడు రాజశేఖరుడు. కావ్యమీమాంస ఏడవ అధ్యాయంలో ఆయన కాకువును, కావ్యపఠన పద్ధతులను చర్చించాడు. ఏయే ప్రాంతాలవారు ఏ తీరున చదువుతారో కూడా వర్ణించాడు. అంతకుముందు రుద్రటుడు వక్రోక్తిని శ్లేషవక్రోక్తి, కాకువక్రోక్తి అని విభజించి, కాకువును అలంకార పరిధిలోకి తెచ్చాడు. రాజశేఖరుడు దానిని అంగీకరించలేదు. కాకువు అభిప్రాయంతో కూడిన పాఠధర్మమని, అటువంటిది అలంకారమెలా అవుతుందని ఆయన ప్రశ్న.

ఈ వివాదం నేటి చర్చకు ఉపకరిస్తుంది. కాకువు అలంకారమైతే అది కవి రచనలోనే ఉన్నట్టు. పాఠధర్మమైతే అది చదివేటప్పుడు ఏర్పడేది. ఒకే వాక్యం ఒక కాకువుతో ప్రశ్నగా, మరొక కాకువుతో నిషేధంగా, ఇంకొక దానితో ఎత్తిపొడుపుగా వినిపిస్తుంది. అచ్చులో ఆశ్చర్యార్థకమో ప్రశ్నార్థకమో పెట్టి ఈ భేదాన్ని కొంతవరకు సూచించవచ్చు. పూర్తిగా పట్టడం సాధ్యం కాదు. కనుక అచ్చులో ఉన్న కవిత అర్థానికి అవసరమైన ఒక అంశాన్ని చదివేవాడికి విడిచిపెడుతుంది. చదివేవాడు కవే అయినప్పుడు ఏమవుతుందన్నది ఇక్కడి ప్రశ్న.

గొంతు ముందు, పుస్తకం తరువాత

ఆధునిక తెలుగు కవిత్వంలో పుస్తకం వెలువడ్డాక కవి సభలు తిరగడం కన్నా, సభల్లో వినిపించిన కవిత్వం తరువాత పుస్తకం కావడమే చాలాకాలం సాగిన క్రమం. అవధానులు దీనికి స్పష్టమైన ఉదాహరణ. తిరుపతి వేంకట కవులు సంస్థానాలు తిరుగుతూ చెప్పిన పద్యాలు సభలోనే పుట్టి, శ్రోతల నోళ్ళలో నిలిచి, ఆపైన అచ్చుకెక్కాయి. వారి ‘నానారాజ సందర్శనము’ అనే పేరే ఆ ప్రయాణాలకు గుర్తు. అక్కడ సభే మూలప్రతి, పుస్తకం దానికి నకలు.

భావకవిత్వం వచ్చేసరికి పరిస్థితి మారింది. కవిత్వం ఏకాంతానికి చేరింది. కవి తన విరహాన్ని, తన స్వేచ్ఛను, తన దుఃఖాన్ని చెప్పుకోసాగాడు. విషయం ఇంత ఆంతరంగికమైనప్పుడు సభతో పని తగ్గవలసింది. జరిగింది వేరు. ‘కృష్ణపక్షము’ 1925లో వెలువడింది. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఊరూరా తిరిగి తన కవితలతో పాటు సమకాలికుల కవితలను కూడా సభల్లో వినిపించాడు. భావకవిత్వాన్ని ఆక్షేపించినవారికి వ్యాసాలతో సమాధానం చెప్పినవారు ఉన్నారు. కృష్ణశాస్త్రి ఇచ్చిన సమాధానంలో ముఖ్యమైన భాగం ఆయన పఠనం.

ఏకాంతాన్ని పదిమందిలో చదవడంలో వైరుధ్యం కనిపిస్తుంది. ఛందస్సు వైపు నుంచి చూస్తే దీనికొక కారణం దొరుకుతుంది. తేటగీతి వంటి పాత ఛందస్సులను భావకవులు కొత్త పనికి వాడుకున్నారు. పురాణపఠనానికి అలవాటుపడిన చెవి పాదాంతంలో ఆగుతుంది, రాగం తీస్తుంది. కొత్త ఖండికలో వాక్యం చాలాసార్లు పాదాంతం దాటి తరువాతి పాదం మధ్యలో ముగుస్తుంది. పాత అలవాటుతో చదివితే వాక్యం తెగుతుంది. వాక్యం కోసం చదివితే పాదం చెదురుతుంది. ఈ రెంటికీ పొందిక ఎలాగో ముద్రిత పుట చెప్పదు. కవి చదివి చూపాలి. కృష్ణశాస్త్రి సభలు ఆ కవిత్వానికి శ్రోతలను సంపాదించాయి, దానితోపాటు ఆ కవిత్వాన్ని చదివే పద్ధతిని కూడా నేర్పాయి. పుస్తకం కొన్న పాఠకుడు ఇంటికి తీసుకువెళ్ళినదానిలో ఆ గొంతు కూడా ఉన్నది.

ఆ గొంతుకు ఒక విషాదాంతం ఉంది. 1960 దశకంలో గొంతు క్యాన్సరు వల్ల కృష్ణశాస్త్రి మాట కోల్పోయాడు. 1980లో మరణించేదాకా కాగితం మీద రాసి చూపుతూ సంభాషించాడు. ఆ కాలంలోనూ ఆయన రచన ఆగలేదు. సినిమా పాటలు రాస్తూనే ఉన్నాడు, వాటిని గాయకులు పాడారు. తన కవిత్వానికి తానే మొదటి పాఠకుడైన కవి చివరి సంవత్సరాల్లో పూర్తిగా ఇతరుల గొంతుల మీద ఆధారపడ్డాడు. ఈ విషయాన్ని ఆయన జీవితచరిత్రలో ఒక దురదృష్ట ఘటనగా చెప్పి వదిలేస్తున్నాం. ఆ కవిత్వం ఎలా వినిపించేదన్న సాక్ష్యం ఎంత సులభంగా చేజారుతుందో చెప్పే ఘటనగా కూడా దానిని చదవాలి.

శ్రీశ్రీ: 1934 గేయం, 1981 గొంతు

కవి గొంతు పుస్తకంలో భాగమైన అరుదైన సందర్భం ‘మహాప్రస్థానం’. అందులోని గేయాలలో ఎక్కువ భాగం 1930 దశకంలో రాసినవి. చలం ‘యోగ్యతాపత్రం’ 1940 నాటిది. పుస్తకం వెలువడింది 1950లో. అంటే ముందుమాటకూ పుస్తకానికీ మధ్యనే పదేళ్ళ దూరం ఉంది. ఆ కాలమంతా ఈ గేయాలు పత్రికల్లో, సభల్లో, యువకుల నోళ్ళలో బతికాయి. నవ్య సాహిత్య పరిషత్తు సభలో శ్రీశ్రీ ‘కవితా! ఓ కవితా!’ చదివినప్పుడు విశ్వనాథ సత్యనారాయణ కదిలిపోయి అభినందించిన సంగతి ప్రసిద్ధం. సాహిత్యదృక్పథంలో ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిని ఒక క్షణం దగ్గర చేసింది సభలో విన్న గేయం. అప్పటికి పుస్తకం లేదు.

1981లో గూటాల కృష్ణమూర్తి లండన్ నుంచి ‘మహాప్రస్థానం’ ప్రత్యేక ప్రచురణ తెచ్చాడు. అందులో గేయాలు శ్రీశ్రీ చేతిరాతలో ఉన్నాయి. వాటితోపాటు శ్రీశ్రీ స్వయంగా చదివిన క్యాసెట్టు ఉంది. చేతిరాత, గొంతు రెండూ కవివే అయిన ప్రచురణ ఇది. దీనిని అభిమానులు దాచుకునే అపురూప వస్తువుగా చెప్పుకోవడం పరిపాటి. పాఠపరిష్కరణ దృష్టితో చూస్తే దీని ప్రాముఖ్యం ఇంకా ఎక్కువ. పఠనాన్ని పుస్తకానికి బయట ఉంచకుండా ప్రచురణలో భాగంగా ఇది అంగీకరించింది.

ఈ అంగీకారం ఎందుకు అవసరమో ‘మహాప్రస్థానం’ శీర్షికాగేయం మొదటి ఆరు పంక్తులను గణిస్తే తెలుస్తుంది. మొదటి రెండు పంక్తులలో ఒక్కొక్కదానికి ఎనిమిది మాత్రలు. మూడవ పంక్తికి పదమూడు. తరువాతి మూడు పంక్తులలోనూ ఇదే క్రమం: ఎనిమిది, ఎనిమిది, పదమూడు. నడక ఎనిమిది మాత్రలదని చెవి పట్టుకున్నాక మూడవ పంక్తిలో పదహారు మాత్రలు ఆశిస్తుంది. కవి పదమూడే ఇచ్చాడు. తక్కువైన మూడు మాత్రలను చదివేవాడు పూరించాలి. చివరి అక్షరాన్ని సాగదీయవచ్చు. అప్పుడది నినాదమవుతుంది, గుంపు గొంతు కలపడానికి వీలిస్తుంది. అక్షరాన్ని హ్రస్వంగానే ముగించి మౌనంగా ఆగవచ్చు. అప్పుడది ఊపిరి తీసుకునే చోటవుతుంది, తరువాతి అడుగుకు ముందు ఒక క్షణం నిలబడటమవుతుంది. పూరించకుండా వెంటనే తరువాతి పంక్తిలోకి దూకవచ్చు. అప్పుడు తొందర, తోపులాట వినిపిస్తాయి. మూడు పఠనాలూ ఛందస్సుకు విరుద్ధం కావు. మూడింటి అర్థాలూ వేరు. మాత్రాఛందస్సు ఖాళీ విడిచిన చోటే కాకువుకు చోటు దొరుకుతున్నది.

‘కవితా! ఓ కవితా!’లో పరిస్థితి ఇంకా జటిలం. అది ఆద్యంతం ఒకే కొలతకు కట్టుబడని దీర్ఘగేయం. పొడవైన సమాసాలు, చిన్న పంక్తులు, సంబోధనలు, జాబితాలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. ఎక్కడ వేగం పెంచాలి, ఎక్కడ ఊపిరి తీయాలి అన్నది పుట మీద సగమే కనిపిస్తుంది. అటువంటి గేయం మొదట సభలో వినిపించి మెప్పు పొందడం యాదృచ్ఛికం కాదు.

అయితే క్యాసెట్టులోని గొంతే గేయానికి అసలు రూపమని తీర్మానించడం పొరపాటు. ‘మహాప్రస్థానం’ గేయం 1934 నాటిది. అప్పటి కవి ఇరవై నాలుగేళ్ళవాడు. ప్రత్యేక ప్రచురణ వెలువడేనాటికి ఆయన డెబ్బయ్యేళ్ళు దాటినవాడు. ఆ మధ్యలో మద్రాసు, సినిమా, ‘ఖడ్గసృష్టి’, విప్లవ రచయితల సంఘం అధ్యక్షత ఉన్నాయి. క్యాసెట్టులో వినిపించేది రాస్తున్నప్పటి గొంతు కాదు, తాను రాసినదాన్ని తిరిగి చదువుకుంటున్న గొంతు. ఆ గేయాలకు తెలుగుదేశంలో ఏమేమి జరిగిందో తెలిసిన గొంతు. కనుక దానిని మూలమని కాక, కాలం తెలిసిన ఒక పాఠాంతరమని అనడం సమంజసం. 1950 ముద్రణకు దాని స్థానం ఉన్నట్టే 1981 పఠనానికీ దాని స్థానం ఉంది.

దీనికి తోడు అదే సంవత్సరం మరొక గొంతు వచ్చింది. 1981లోనే విడుదలైన ‘ఆకలిరాజ్యం’ చిత్రంలో నిరుద్యోగి అయిన కథానాయకుడు శ్రీశ్రీ కవిత్వాన్ని సందర్భానుసారంగా వినిపిస్తాడు. ఆ తరంలో ఎందరికో శ్రీశ్రీ పంక్తులు చెవిలో పడ్డది ఆ సినిమా వల్లనే. నటుడు చదివినప్పుడు ప్రతి పంక్తికీ ఒక పాత్ర, ఒక ఆకలి, ఒక ఎదుటి మనిషి ఉంటారు. కోపం సన్నివేశం నుంచి వస్తుంది. కవి చదివినప్పుడు ఆ ఆసరా ఉండదు. శ్రీశ్రీ పఠనంలో నటన లేదని నిరుత్సాహపడే శ్రోతలు తమకు తెలియకుండానే రెండు పాఠాంతరాలను పోలుస్తున్నారు. జాషువ ‘శ్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకంలో చేరి రంగస్థల నటుల గొంతులో స్థిరపడటం, కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ ఘంటసాల గొంతులో స్థిరపడటం ఇటువంటివే. కవి పఠనం నమోదు కాని చోట ఇతరుల పఠనమే ఏకైక పాఠమై నిలుస్తుంది.

గొంతుకు దేహం ఉంది

ఇంతవరకు గొంతును ఛందస్సుకు, అర్థానికి సంబంధించిన అంశంగా చూశాం. సభలో గొంతు ఒంటరిగా రాదు. దాని వెంట మనిషి వస్తాడు, అతని పేరూ ఊరూ కులమూ వస్తాయి. గుర్రం జాషువ జీవితం దీనికి నిదర్శనం. యౌవనంలో వినుకొండలో జరిగిన ఒక అవధాన సభలో ఆయన పద్యాలు చదివినప్పుడు, ఆ కులస్థుణ్ణి సభలోకి ఎలా రానిచ్చారని కొందరు ఆక్షేపించారు. అభ్యంతరం పద్యానికి కాదు. పద్యం ఏ నోట వచ్చిందన్నదే అభ్యంతరం. అవే పద్యాలు అచ్చులో వచ్చి ఉంటే, రచయిత పేరు చూడని పాఠకుడు మెచ్చుకునేవాడు. పుస్తకం కల్పించగల మరుగు సభ కల్పించదు.

ఈ దృష్టితో 1941లో వెలువడిన ‘గబ్బిలం’ చదివితే దాని కథాసంవిధానమే పఠనసమస్యగా కనిపిస్తుంది. అందులో అస్పృశ్యుడికి ఆలయప్రవేశం లేదు. తన గోడు శివుడికి చెప్పుకోవాలి. గుడిలో తిరగగల గబ్బిలాన్ని దూతగా ఎంచుకుంటాడు. పూజారి లేని సమయం చూసి శివుడి చెవిలో చెప్పమని కోరతాడు. కాళిదాసు యక్షుడికి దూరం అడ్డు. జాషువ నాయకుడికి దూరం అడ్డు కాదు, గడప అడ్డు. మాట చేరవలసిన చోటికి మనిషి చేరలేనప్పుడు మాటను మరొక దేహం మోయాలి. కావ్యంలో ఆ పని గబ్బిలం చేసింది. కావ్యం వెలుపల జాషువ గబ్బిలాన్ని నమ్ముకోలేదు. తానే సభలకు వెళ్ళి తన పద్యాన్ని తన గొంతుతో వినిపించాడు. తరువాతి కాలంలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగి గౌరవించాడు. సభలో జరిగిన అవమానానికి సభలోనే సమాధానం దొరికింది.

కనుక జాషువ బహిరంగ పఠనాన్ని పద్యపఠన నైపుణ్యంగా మాత్రమే వర్ణించే వ్యాసాలు సగం విషయమే చెబుతున్నాయి. ఎవరు ఎక్కడ నిలబడి చదివారన్నది కూడా కాకువులో భాగమే. రాజశేఖరుడి నిర్వచనంలోని ‘అభిప్రాయం’ అన్న మాటను ఇంతవరకు విస్తరించుకోవచ్చునని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఆవిష్కర్త మారిన సభ

ఆవిష్కరణ సభ స్వరూపాన్నే ప్రశ్నించినవారు దిగంబర కవులు. నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అనే ఆరుగురు తెచ్చిన మూడు సంపుటాలు 1965, 1966, 1968 సంవత్సరాల్లో వెలువడ్డాయి. మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి రిక్షా కార్మికుడు నాంపల్లి పాండు ఆవిష్కరించాడు. రెండవదాన్ని విజయవాడలో హోటలు కార్మికుడు జంగాల చిట్టి, మూడవదాన్ని విశాఖపట్నంలో ఒక భిక్షుకురాలు ఆవిష్కరించారు.

ఇది సంచలనం కోసం చేసిన పని అన్న ఆక్షేపణ అప్పటి నుంచీ ఉంది. ప్రచారం లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ ప్రచారం కవిత్వానికి బయటిది కాదు. ముఖ్య అతిథి అనే స్థానాన్ని ఖాళీ చేసి, ఆ కవిత్వం ఎవరి పక్షాన మాట్లాడుతున్నానని చెప్పుకున్నదో ఆ మనిషిని అక్కడ నిలబెట్టారు. సభను సంపుటికి మొదటి పుటగా మార్చారు. సాహిత్యచరిత్రలు దిగంబర కవుల గురించి చెప్పేటప్పుడు ఆవిష్కర్తల వివరాలు తప్పక చెప్పడం దీనికి నిదర్శనం. అవి లేకుండా ఆ సంపుటాల పరిచయం పూర్తి కాదు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ రాత్రుల గురించి మనకు తెలిసినదంతా ఎవరు ఆవిష్కరించారన్నదే. ఆ ఆరుగురు ఏ కవిత చదివారు, ఎలా చదివారు, ఆవిష్కర్త ఏమి విన్నాడు అన్నవి చర్చకే రాలేదు. సభ రూపం మార్చిన ఉద్యమాన్ని కూడా మన చరిత్రరచన పాత పద్ధతిలోనే నమోదు చేసింది. ఆహ్వానపత్రికలోని పేర్లు మిగిలాయి, గొంతులు మిగల్లేదు.

వచన కవిత, నిశ్శబ్దం

పఠనానికి ఇంత ప్రాధాన్యం ఇవ్వడం పద్యానికీ గేయానికీ తగునేమో కానీ వచన కవితకు తగదన్న అభ్యంతరం రావచ్చు. 1958లో ఫ్రీవర్స్ ఫ్రంట్ స్థాపించిన కుందుర్తి ఆంజనేయులు కాలం నుంచీ వచన కవితకు లయ ఉందా లేదా అన్న చర్చ సాగుతూనే ఉంది. ఛందస్సు లేనప్పుడు పఠనం మీద భారం పెరుగుతుందే తప్ప తగ్గదు. పద్యంలో యతిప్రాసలు, గణాలు ఎక్కడ ఆగాలో కొంతైనా చెబుతాయి. వచన కవితలో ఆ పని పంక్తి విరుపు ఒక్కటే చేయాలి. ఆ విరుపు ఊపిరి కోసమా, అర్థం కోసమా, పుట మీద కనిపించే ఆకారం కోసమా అన్నది కవి చదివితే తెలుస్తుంది. అచ్చులో విరిచిన చోట కవి ఆగకుండా చదివితే అదీ ఒక సమాచారమే. ఆ విరుపు కంటి కోసం పెట్టినదని అర్థం.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇస్మాయిల్ వైపు నుంచి వస్తుంది. ‘కవిత్వంలో నిశ్శబ్దం’ ఆయన విమర్శ గ్రంథం పేరు. నినాదాన్ని, వాగాడంబరాన్ని ఆయన కవిత్వానికి దూరంగా ఉంచాడు. అటువంటి కవిత సభలో ఓడిపోతుందన్నది నిజమే. సభ సహజంగా పెద్ద గొంతును, పునరావృతిని, చప్పట్లు పడే ముగింపును ఇష్టపడుతుంది. సభను దృష్టిలో ఉంచుకుని రాసే కవి క్రమంగా చప్పట్ల కోసం రాయడం మొదలుపెడతాడు. చివరి పంక్తిలో చమత్కారమో నినాదమో లేకుండా కవిత ముగించలేని స్థితి వస్తుంది. ఉగాది కవిసమ్మేళనాల కవిత్వం గురించి పదేపదే వచ్చే విమర్శ ఇదే.

ఈ అభ్యంతరాన్ని తోసిపుచ్చనక్కరలేదు. అయితే అది సభాస్వభావానికి వర్తించినంతగా పఠనానికి వర్తించదు. నిశ్శబ్దాన్ని కూడా చదివి వినిపించవచ్చు. రెండు పంక్తుల మధ్య ఎంతసేపు ఆగాలో తెలిసిన కవి చదివితే ఆ విరామం శ్రోతలందరికీ ఒకేసారి వినిపిస్తుంది. పుటలోని తెల్లజాగా ఒక్కొక్కరికి ఒక్కొక్క పొడవు. సభలోని విరామం అందరికీ ఒకే పొడవు. సమస్య నిశ్శబ్దానిది కాదు. ఆరుగురు వక్తల తరువాత, హాలు ఖాళీ చేయవలసిన వేళకు, మూడు నిమిషాల్లో ముగించమన్న చీటీ అందుకున్న కవి నిశ్శబ్దాన్ని చదవలేడు.

నేటి సభ: రెండు నష్టాలు

కొంతకాలం కిందట ఈ వ్యాసకర్త హాజరైన ఒక ఆవిష్కరణ సభలో అలాగే జరిగింది. వక్తలందరూ ఒక కవితను ఆగ్రహప్రకటనగా ఉదాహరించారు. పుస్తకంలో చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. చివర కవయిత్రి అదే కవితను చదివినప్పుడు హాలులో పదిహేనుమంది కూడా లేరు. ఆమె దానిని దాదాపు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు, ప్రతి ప్రశ్నను ప్రశ్నగా కాక ఒప్పుకోలుగా చదివింది. ఆగ్రహమనుకున్నది పశ్చాత్తాపంగా వినిపించింది. ఆమె పఠనమే సరైనది, వక్తల వ్యాఖ్యానం తప్పు అనడం నా ఉద్దేశం కాదు. రెండూ ఆ కవితలో ఉన్నాయి. రెండవది అక్కడ ఉందని మాత్రం ఆ పఠనం లేకుంటే నాకు తెలిసేది కాదు. ఆ పుస్తకంపై తరువాత వచ్చిన సమీక్షల్లో మొదటిదే కనిపించింది. సమీక్షకులు సభ చివరిదాకా ఉండి ఉండరు.

ఇక్కడ రెండు నష్టాలున్నాయి. కవిత్వం వినకుండానే కవిత్వం మీద అభిప్రాయం స్థిరపడటం మొదటిది. పరిచయ ప్రసంగాలు ముందు, పఠనం తరువాత అన్న క్రమం వల్ల శ్రోత కవితను వక్త చెప్పిన అర్థంతోనే వింటాడు. ఈ క్రమాన్ని తిప్పితే, కవి మొదట నాలుగైదు కవితలు చదివి ఆపైన వక్తలు మాట్లాడితే, వ్యాఖ్యానం విన్నదానికి జవాబుదారీ అవుతుంది. దీనికి అదనపు ఖర్చు లేదు. ముఖ్య అతిథి కొంతసేపు వినవలసి ఉంటుంది, అంతే.

రెండవ నష్టం పరిశోధనది. నేడు ఏ సభనైనా ఎవరో ఒకరు సెల్‌ఫోనులో చిత్రిస్తున్నారు. కనుక సాక్ష్యం లేదనడానికి వీల్లేదు. కానీ చాలా దృశ్యాలకు తేదీ లేదు, స్థలం లేదు, ఏ ముద్రణ నుంచి చదివారన్న సూచన లేదు. వక్తల ప్రసంగాలను పూర్తిగా ఉంచి, పఠనాన్ని తుంచిన సందర్భాలూ ఉన్నాయి. తాళపత్రాల మీద లేఖకుల గుర్తులను, గద్యలను వెదికి కాలనిర్ణయం చేసే శాఖలు తమ కళ్ళెదుట తయారవుతున్న ఆధారాలను ఆనవాలు లేకుండా పోనిస్తున్నాయి.

పఠనాన్ని పాఠాంతరంగా నమోదు చేయడానికి కొన్ని అంశాలు గమనిస్తే చాలు. తేదీ, స్థలం, సందర్భం. చదివినది పుస్తకం నుంచా, రాతప్రతి నుంచా, కంఠస్థంగానా. ముద్రిత పాఠంతో పోలిస్తే మారిన, చేరిన, వదిలిన పదాలు, పంక్తులు. విరామాలు అచ్చులోని పంక్తివిరుపులతో ఏకీభవించిన చోట్లు, విభేదించిన చోట్లు. ఊనిక పడిన పదాలు. కవితకు ముందు కవి చెప్పిన నాలుగు మాటలు. చాలామంది కవులు పుస్తకంలో రాయని సందర్భాన్ని సభలో చెబుతారు. అది అవతారిక వంటిదే. ఒక కవి సంపుటాలపై పరిశోధన చేసే విద్యార్థి ఆ కవి పఠనాలు మూడింటినైనా ఈ పద్ధతిలో నమోదు చేసి అనుబంధంగా ఇస్తే, మరో ఇరవై ఏళ్ళకు పాఠపరిష్కరణ చేసేవారికి కృష్ణశాస్త్రి విషయంలో మనకు లేని ఆధారం ఉంటుంది.

ముగింపు

కవి తన కొత్త పుస్తకం చేతపట్టుకుని సభలో నిలబడి చదవడాన్ని అమ్మకాలకు సంబంధించిన విషయంగా చిన్నచూపు చూడటం, లేదా కవి గొంతే కవితకు తుది అర్థమని ఆరాధించడం – ఈ రెండు వైఖరుల వల్లా పఠనం విమర్శకు అందకుండా పోతున్నది. కృష్ణశాస్త్రి పఠనం కొత్త కవిత్వాన్ని చదివే పద్ధతిని నేర్పింది. శ్రీశ్రీ పఠనం ఛందస్సు విడిచిన ఖాళీలను ఒక వయసులో ఒక తీరున పూరించింది. జాషువ పఠనం సభ గడపను కవితలోకి తెచ్చింది. దిగంబర కవులు సభనే కవితలో భాగం చేశారు. నాలుగు సందర్భాల్లోనూ ముద్రిత పుట ఒక్కటే చూసినవారికి అందని అర్థం ఉంది.

రాజశేఖరుడు కాకువును పాఠధర్మమన్నాడు. ధర్మం అన్నాక దానిని ఆచరించేవాడొకడు, గమనించేవాడొకడు ఉండాలి. కవులు తమ వంతు చదువుతూనే ఉన్నారు. సభ చివరిదాకా కూర్చుని, విన్నదాన్ని తేదీతో సహా రాసిపెట్టుకోవడం విమర్శకుల వంతు.